పోటు రాకముందే

కురయోషి
1998 అక్టోబరు 18

చిగుసా,

మీ ఒసాకాలో చలి మొదలైందా? ఇక్కడ బేరిపళ్ల కాలం అయిపోయింది. నీకోసమని మీ అత్తయ్య కొన్ని గుడ్డలో చుట్టి దాచింది కానీ, నువ్వు వచ్చేదాకా అవి ఆగుతాయా? నిన్న నేనే తినేశాను. అత్తయ్యకు ఇంకా తెలియదు. నువ్వు చెప్పకు. ఫోన్ చేస్తే నువ్వెప్పుడూ పనిలోనే ఉంటావు, అందుకే ఉత్తరం.

అసలు సంగతి. నువ్వు చేసిన ఆట కొన్నాను! పెట్టె మీద పెద్ద అల, దాని ముందు గంట మోసుకుంటూ పరిగెత్తే నలుగురు, పైన 'పోటు రాకముందే' అని అక్షరాలు. స్టేషన్ దగ్గర కొట్టువాడు "మనవడికా తాతగారూ?" అన్నాడు. "నాకే. ఇందులో కొట్లాటలన్నీ మా మేనకోడలు చేసింది" అన్నాను. వాడి మొహం చూడాల్సింది.

సెలూన్‌లో టీవీకి తగిలించాను. వంతు వచ్చేదాకా కూర్చునేవాళ్లు ఆడుకుంటారని నా ఉద్దేశం. ఇప్పుడు వంతు వచ్చినా లేవడం లేదు. తాతామీ చాపలు అల్లే ఇవామురా, సగం జుట్టు కత్తిరించి సగం వదిలేసిన తలతో నిన్న సాయంత్రం దాకా కూర్చున్నాడు. మంత్రసాని త్సునెయో గారికైతే మా కొట్టులో పనేమీ లేదు. అయినా రోజూ వస్తోంది. నిన్ను ఈ లోకంలోకి లాగిన మనిషి కదా, నీ ఆట మీద తనకూ హక్కుందంటుంది.

కాకపోతే ఒక్కరం కూడా ముందుకు పోలేదు. గంటను కొండ మీదికి చేర్చాలట, ఈలోపు సముద్రం పెరుగుతూనే ఉంటుంది, ఒక్కో ఊరూ మునిగిపోతూ ఉంటుంది. ఎలాగో గట్టు దాకా చేరితే అక్కడ పీతకాళ్ల కాపలావాడు ఒక్క దెబ్బకు పడగొడతాడు. ఏం మనిషివే నువ్వు!

ఆట గెలిస్తే చివర్లో చేసినవాళ్ల పేర్లు వస్తాయటగా. నీ పేరు వచ్చినప్పుడు అందరం చూడాలి. మీ అమ్మ ఉంటే ముందు వరసలో కూర్చునేది. వీధంతా చెప్పేశాను.

తొకుజో మామయ్య


ఒసాకా
అక్టోబరు 29

మామయ్యకు,

మీరూ అత్తయ్యా కులాసా అని తలుస్తాను. నేను బాగున్నాను. పని ఎక్కువ.

ఆ ఆటను దయచేసి సెలూన్‌లోంచి తీసేయండి. అది పెద్దవాళ్లకు సరిపడే ఆట కాదు. కొట్టుకు వచ్చేవాళ్లు విసిగిపోతారు. మీకు ఆటలు కావాలంటే నేను వేరేవి పంపుతాను, చేపలు పట్టేది ఒకటి చాలా బాగుంటుంది.

చిగుసా


కురయోషి
నవంబరు 3

చిగుసా,

'పెద్దవాళ్లకు సరిపడదు' అన్న మాట చదివి అద్దంలో చూసుకున్నాను. నా కొట్టులో అద్దాలకు కొదవ లేదు కదా, మూడింట్లో మూడు ముసలి మొహాలు కనిపించాయి.

మీ అత్తయ్య ఏమందో తెలుసా? "మీరంటే దానికి నామోషీ. మంగలి మామయ్య తన ఆటను చేత్తో పట్టుకోవడం దానికి ఇష్టం లేదు" అంది. నోరు మూసుకోమన్నాను. తర్వాత ఆ మూడు అద్దాలనూ మళ్లీ తుడిచాను.

ఇంకో సంగతి. ఇవామురా ఓడిపోయి ఓడిపోయి, "మనుషుల్ని ఏడిపించడానికేనా తొకుజో, నీ మేనకోడలిని అంత చదివించావు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "చేతకానివాడికి ప్రతిదీ కష్టమే. ఏడాది చివరి విందులో వీధి అందరి ముందూ ఈ ఆట గెలిచి చూపిస్తాను" అనేశాను. మాట జారాక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాదు, నీకు తెలుసు.

చేపలు పట్టే ఆట నాకొద్దు. చేతనైతే దారి చెప్పు. ఇష్టం లేకపోతే చెప్పకు.

మామయ్య


ఒసాకా
నవంబరు 15

మామయ్యా,

నేను ఆ అర్థంతో రాయలేదు. అత్తయ్య అలా అనుకుందంటే తప్పు నా రాతదే. మీ చేతుల్లో ఉండడం నాకు నామోషీ కాదు. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు, కాబట్టి దారి చెబుతాను.

అందరూ చేసే పొరపాటు, అన్ని ఊళ్లనూ కాపాడాలనుకోవడం. కుదరదు. సముద్రం ఆగదు. మొదట్లోనే దక్షిణపు రెండు ఊళ్లనూ వదిలేయండి. ఏడుస్తూ ఒక ముసలాయన ఎదురొస్తాడు. అతనితో మాట్లాడితే అతని మాట పూర్తయ్యేసరికి నీళ్లు మోకాళ్ల దాకా వస్తాయి. ఆగకండి.

ఇసుకలో ఎదురయ్యే ప్రతివాడితోనూ తలపడకండి. పారిపోవడానికి సిగ్గుపడొద్దు. బలం పెరగాలని కొట్లాడుతూ కూర్చుంటే బలం వచ్చేసరికి పొద్దు ఉండదు. మ్యాప్ చూస్తున్నప్పుడు కూడా కాలం నడుస్తుంది. సంచీ తెరిచినప్పుడు మాత్రం ఆగుతుంది, అందుకని ఆలోచించుకునేదంతా సంచీ తెరిచి ఆలోచించుకోండి. ఆటను ఎప్పుడూ రెండు చోట్ల సేవ్ చేయండి. ఒక్క చోటే చేస్తే, కాలం మించిపోయిన చోట చిక్కుకుపోయి మొదటికి రావాల్సి ఉంటుంది.

ఇక గట్టు మీది కాపలావాడు. దెబ్బ వేసే ముందు వాడి కుడి భుజం కాస్త పైకి లేస్తుంది. అప్పుడు డాలు ఎత్తితే ఆలస్యమైపోతుంది. వెనక్కి తగ్గినా దెబ్బ తగులుతుంది. వాడి వైపుకే ఒక అడుగు వేయాలి. దగ్గరికి పోతే వాడి కాళ్లు అందవు.

ఒక్క మాట. నా పేరు చూడడం కోసం ఆడకండి మామయ్యా. దాన్లో ఏముంది.

చిగుసా


కురయోషి
డిసెంబరు 6

చిగుసా,

కొట్టాం! త్సునెయో గారు కొట్టింది వాడిని!

మొదట ఆవిడ నీ సలహాకి ఒప్పుకోలేదు. "కొట్టేవాడి మీదికి ఎవరైనా పోతారా?" అంది. నేను నీ ఉత్తరం చదివి వినిపిస్తున్నాను. ఇవామురా "భుజం! భుజం!" అని అరుస్తున్నాడు. ఆవిడ ఒక్క అడుగు ముందుకు వేసింది. వాడి పీతకాళ్లు గాలిలో కొట్టుకున్నాయి. ఆ తర్వాత ఈవిడ వాడిని వాయించిన తీరు, అబ్బా! నా కుర్చీలో గెడ్డానికి నురగ పూసుకుని కూర్చున్నవాడు లేచి చప్పట్లు కొట్టాడు. నురగ అద్దం మీద పడింది.

దక్షిణపు ఊళ్లను వదిలేయడం మాత్రం నాకు కష్టంగా ఉంది. ఆ ముసలాయన్ని దాటిపోతున్నప్పుడు నేను టీవీ వైపు చూడను. కంట్రోలర్ ఇవామురా చేతికి ఇచ్చేస్తాను.

నువ్వు రాయనిది ఒకటి మేమే కనిపెట్టాం. పడవ ఎక్కి దిగకుండా ఉంటే సముద్రం పెరగదు! అలసిపోయిన వాళ్లు అక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు. నువ్వు పెట్టిందే అయి ఉంటుందని నాకు వెంటనే తెలిసిపోయింది. పైకి ఎంత కఠినంగా ఉన్నా ఎక్కడో ఓ చోట కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చే బుద్ధి మీ అమ్మది. అదే మాట ఇవామురాకు చెప్పాను.

విందు ఇరవై ఆరున. నువ్వూ రాకూడదూ?

మామయ్య


ఒసాకా
డిసెంబరు 12

మామయ్యా,

త్సునెయో గారికి నా అభినందనలు చెప్పండి.

పడవ సంగతి నేను పెట్టింది కాదు. అది మా పొరపాటు. ఎవరూ చూసుకోలేదు. దాన్ని నా మంచితనమని ఎవరికీ చెప్పొద్దు, బతిమాలుకుంటున్నాను.

విందుకు రాలేను, సెలవు దొరకదు. ఇంకో మాట, చివర్లో పేర్లు చాలా వేగంగా వెళ్లిపోతాయి. అక్షరాలు చిన్నవి. దానికోసం అందరినీ కూర్చోబెట్టడం ఎందుకు? గంట కొండెక్కగానే టీవీ ఆపేసి భోజనాలకు లేవండి. అసలు చూడాల్సింది అంతే.

చిగుసా


కురయోషి
డిసెంబరు 27

చిగుసా,

నిన్న విందు అయింది. రాకుండా ఉండి మంచిపని చేశావు.

కొట్టులో కుర్చీలన్నీ తీసి చాపలు పరిచాం. ఇవామురా కొత్త చాపలే తెచ్చాడు. అత్తయ్య ఒడెన్ పులుసు వండింది. వీధిలో దాదాపు అందరూ వచ్చారు. చివరి మెట్ల దగ్గర నేను తడబడితే త్సునెయో గారు కంట్రోలర్ లాక్కోబోయింది, ఇవ్వలేదు. నేనే గెలిచాను. నీళ్లు నడుము దాకా వచ్చాక గంట మోగింది. ఇవామురా నా వీపు మీద గట్టిగా కొట్టి "ఒప్పుకున్నాను తొకుజో, ఒప్పుకున్నాను" అన్నాడు.

"ఎవరూ లేవకండి, ఇప్పుడు పేర్లు వస్తాయి" అన్నాను. అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కళ్లజోడు పెట్టుకుంది.

అక్షరాలు నువ్వన్నంత వేగంగా వెళ్లలేదు. చిన్నవీ కావు. నిదానంగా, మంచి పాటతో వెళ్లాయి. టీ తెచ్చిచ్చినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి.

నేను సరిగా చూడలేదేమో. వయసు మీద పడింది కదా. నువ్వే చెప్పు, నీ పేరు ఎక్కడ వస్తుంది?

మామయ్య


ఒసాకా
1999 జనవరి 5

మామయ్యా,

మీ కళ్లు బాగానే ఉన్నాయి. నా పేరు లేదు. నేనే తీయించేశాను.

కిందటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. రాసి చించేసి, అక్షరాలు చిన్నవని అబద్ధం రాశాను. మీరు టీవీ ఆపేస్తారని ఆశపడ్డాను. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని నిలబడిందని చదివాక, ఆ కాగితం బల్ల మీద బోర్లించి పెట్టాను. ఇప్పటికీ దాన్ని తిప్పలేదు.

ఆ ఆటలో మొదట మూడు దేశాలు ఉండాలి. సరుకు బయటికి పంపాల్సిన తేదీ దగ్గరపడేసరికి ఒక్కటే పూర్తయింది. మిగతా రెండింట్లో ఇళ్లు కట్టాం, మనుషుల్ని పెట్టలేకపోయాం. ఆడేవాళ్లు అటు పోకుండా చేయాలి. "సముద్రం పెరుగుతోందని పెడదాం. తొందరలో ఎవరూ పక్కకి చూడరు" అన్నది నేను. అందరూ మెచ్చుకున్నారు. మాకు కాలం చాలక, ఆ కాలం చాలకపోవడాన్ని మీ నెత్తిన పెట్టాం.

తర్వాత ఆట మరీ చిన్నదైపోయిందన్నారు. కాపలావాడి దెబ్బ పెంచమన్నారు. పెంచాను. ఇంకా పెంచమన్నారు. పెంచాను. ఓడిపోయి మళ్లీ మళ్లీ మొదలుపెడితే పొడుగ్గా అనిపిస్తుంది కదా. అదీ నా పనితనం.

పరీక్షగా ఆడించడానికి కొందరిని పిలిచాం. అందులో ఒకమ్మాయి గట్టు దగ్గర పడిపోయి పడిపోయి, కంట్రోలర్ కింద పెట్టి, నా వైపు తిరిగి "క్షమించండి, నాకు చేతకావడం లేదు" అంది. ఆ అమ్మాయి నాకు క్షమాపణ చెప్పింది మామయ్యా! తప్పు నీది కాదమ్మా అనడానికి నాకు నోరు పెగల్లేదు. పక్కనే మా ఆఫీసు పెద్దాయన ఉన్నాడు. ఆ వారమే నా పేరు తీసేయమన్నాను. ఎందుకని కూడా ఎవరూ అడగలేదు.

అందుకే ఆ ఆట మీ కొట్టులో వద్దన్నాను. నామోషీ మీ గురించి కాదు.

చిగుసా


కురయోషి
జనవరి 14

చిగుసా,

నీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ పొయ్యి మీద మోచి బియ్యపు ముద్దలు కాలుస్తూ కూర్చుంది. అన్నీ మాడ్చింది.

నాకు కోపం వచ్చింది. పేరు తీయించినందుకు కాదు. నీ పని నీ ఇష్టం. అక్టోబరులోనే ఒక్క ముక్క రాసి ఉంటే నేను విందు మాట ఎత్తేవాణ్ణి కాదు. అంతమంది ముందు నన్ను కూర్చోనిచ్చావు.

కానీ కోపంగా ఉండడానికి కూడా నాకు అర్హత లేకుండా పోయింది. ఆ రోజు నేను రాయనిది ఒకటుంది.

పేర్లు అయిపోవస్తున్నాయి. నీది రాలేదు. వెనక నుంచి ఎవరో "ఏదీ తొకుజో?" అన్నారు. నా చెయ్యి దానంతటదే లేచింది. అప్పుడు తెర మీద వెళుతున్న పేరు చూపించి "అదిగో" అన్నాను. కురెబయాషి అని ఉంది. "అదేంటి, అది మీ పిల్ల పేరు కాదుగా?" అన్నాడు ఇవామురా. "ఈ పనిలో అలా మారుపేర్లు పెట్టుకుంటారు. నీకు తెలియదులే" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తయ్య కళ్లజోడు తీసేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు వీధిలో అందరికీ నువ్వు కురెబయాషి గారివి. "కురెబయాషి గారు కులాసానా?" అని అడుగుతారు. కులాసానే అంటాను. రోజూ అంటున్నాను. నలభై ఏళ్లుగా వాళ్ల గొంతుల మీద కత్తి పెడుతున్నాను, ఒక్కరూ నన్ను అనుమానించలేదు. ఇప్పుడు వాళ్ల కళ్లలోకి అద్దంలో కూడా చూడలేకపోతున్నాను.

నువ్వు జవాబు రాయనక్కర్లేదు. ఏం రాస్తావు.

మామయ్య


ఒసాకా
ఫిబ్రవరి 2

మామయ్యా,

నిన్న నేను కురయోషి వచ్చాను. అత్తయ్య ఈపాటికి చెప్పే ఉంటుంది. మీరు మంగళ్ల సంఘంతో మిసాసా వేడినీటి బుగ్గలకు వెళ్లే రోజు చూసుకునే వచ్చాను. మీ ముందు నిలబడే ధైర్యం లేక. అది కూడా చెప్పేస్తున్నాను.

సెలవు రోజు కదా, కొట్టులో ఎవరూ ఉండరనుకున్నాను. తలుపు తీస్తే త్సునెయో గారు, ఇవామురా గారు చాపల మీద కూర్చుని ఆడుతున్నారు. తాళం చెవి వాళ్లకే ఇచ్చేశారటగా.

"ఓహో, కురెబయాషి గారు!" అన్నారు ఇవామురా గారు, లేచి వంగి మరీ.

"నా పేరు అది కాదు. నా పేరు అందులో లేదు. తీసేయమని నేనే అడిగాను. మామయ్యకు తెలియదు. నా పరువు పోకూడదని ఆయన అబద్ధమాడారు" అన్నాను. బస్సులో వస్తూ పొడుగ్గా అనుకున్న మాటలు ఏవీ రాలేదు.

టీవీలో నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. ఆట ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

త్సునెయో గారు అడిగింది: "అయితే ఆ గట్టు మీదివాడు?"

"నేనే చేశాను."

"డాలు ఎత్తేలోపే కొడతాడు."

"కొట్టేలా నేనే చేశాను."

"నేను వాడి చేతిలో ఎన్నిసార్లు చచ్చానో తెలుసా? రోజూ ఇంటికెళ్లి 'ముసలిదానివైపోయావే' అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని."

"మీ తప్పు కాదు. నాది" అన్నాను. ఆ అమ్మాయికి చెప్పలేని మాట ఈవిడకు చెప్పాను.

ఆవిడ కంట్రోలర్ నా ఒళ్లో పెట్టింది. "అయితే నువ్వు కొట్టి చూపించు."

ఓడిపోయాను మామయ్యా. భుజం లేవడం చూశాను, అడుగు వేయాలని తెలుసు, వేలు ఆలస్యమైంది. మళ్లీ ఆడాను. మళ్లీ ఓడిపోయాను. ఇవామురా గారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "తొందరపడుతున్నావు. ఊపిరి వదిలి అప్పుడు నొక్కు" అన్నారు, ఎంతో నెమ్మదిగా. వాళ్లు నాకు నేర్పిస్తుంటే తల ఎత్తలేకపోయాను.

అత్తయ్య అన్నం తిని వెళ్లమంది. తిన్నాను. ఆవిడ చేపలో ముళ్లు తీసి ముక్కలు నా గిన్నెలో వేస్తూ కూర్చుంది. మీరు వచ్చేలోపు వెళ్లాలని బస్సు ఎక్కేశాను. స్టేషన్ దగ్గర మీ సంఘం వ్యాన్ ఎదురొచ్చింది. మీరు కిటికీ పక్కన నిద్రపోతున్నారు, నోరు తెరుచుకుని.

దిగి పిలవాల్సింది.

చిగుసా


కురయోషి
ఫిబ్రవరి 9

చిగుసా,

పిలవాల్సిందే. నోరు తెరుచుకుని ఉన్నా సరే పిలవాల్సింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఇవామురా గెడ్డానికి వచ్చాడు. నురగ పూసి, కత్తి పట్టుకుని, ఇక లాభం లేదని చెప్పేశాను. "ఇవామురా, ఆ రోజు నేను నీతో అబద్ధమాడాను. అందరితోనూ ఆడాను."

వాడు కళ్లు తెరవకుండానే "తెలుసు" అన్నాడు.

"చిగుసా చెప్పిందిగా."

"అంతకు ముందే తెలుసు. కురెబయాషి పేరు పెట్టె వెనక కూడా ఉంది కదయ్యా, సంగీతం అని. విందు మర్నాడే చూశాం."

"చూసి? ఇన్నాళ్లూ కురెబయాషి గారు కులాసానా అని అడిగారే!"

"నువ్వు కులాసానే అంటుంటే ఏం చేయమంటావు? అడగడం మానేస్తే మాకు తెలిసిపోయిందని నీకు తెలుస్తుంది."

వీధంతా అంతేనట. తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. నన్ను కాపాడుతున్నామనుకుని రోజూ అడిగారు. నేను నీ పరువు కాపాడుతున్నాననుకుని రోజూ జవాబు చెప్పాను. కత్తి పక్కన పెట్టేశాను. మిగతా సగం గెడ్డం అత్తయ్య గీసింది. చెవి కింద కొద్దిగా తెగింది.

నాకు ఇంకా సిగ్గుగానే ఉంది. పోతుందనుకోను. కొట్టు తెరిచేటప్పుడు తల వంచుకునే తెరుస్తున్నాను. కానీ తెరుస్తున్నాను.

ఇది రాయడానికి అసలు కారణం త్సునెయో గారు. నువ్వు మనుషుల్ని పెట్టలేకపోయిన దేశాల సంగతి ఆవిడకు చెప్పాను. చెప్పకూడదేమో, చెప్పేశాను. నిన్న ఆవిడ గంటను గట్టు మీద వదిలేసి, కొండ వైపు కాకుండా తూర్పుకు నడిచింది. "అటు పోతే మునిగిపోతాం!" అని ఇవామురా గోల. "పోతే పోతాం" అంది. నీళ్లు వెనకే వస్తున్నాయి. కొట్లాటలన్నీ తప్పించుకుని, చివరికి ఆ ఊరు చేరాం.

ఇళ్లున్నాయి. చక్కటి ఇళ్లు, వాకిళ్లలో చేపల వలలు ఆరేసి ఉన్నాయి. మనుషులు లేరు. ఆవిడ ప్రతి తలుపూ కొట్టింది. ఒక్కటీ తెరుచుకోలేదు. నీళ్లు వాకిట్లోకి వచ్చేదాకా కొడుతూనే ఉంది. తర్వాత మునిగిపోయాం.

"ఇక్కడ ఎవరుండాల్సింది?" అని నన్ను అడిగింది.

నాకేం తెలుసన్నాను.

"మరి ఆ పిల్లను అడుగు. నేను ఊరికే ఎవరింటి తలుపూ కొట్టను."

అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. కోపంలో జవాబు రాయొద్దన్నవాణ్ణి నేనే. అయినా అడుగుతున్నాను. బావి పక్కన నీలం తలుపు ఉన్న మొదటి ఇల్లు. అందులో ఎవరుండాలని అనుకున్నావు? పేరేమిటి? పిల్లలు ఉన్నారా?

తీరికగా రాయి. నీకు తోచినంత కాలం తీసుకో.

తొకుజో మామయ్య